గుండెకు రక్తం ఎక్కడి నుంచి వస్తుందో చెప్పిన హకీం: ఇబ్నె నఫీస్

గుండె గదుల నిండా ఎప్పుడూ రక్తమే ఉంటుంది. అలాంటి గుండెకు రక్తం కొరత ఎలా వస్తుంది? షుగర్ ఉన్న ఇంటి పెద్దకు పరీక్షలు చేసి, గుండెకు రక్తం సరిగా అందడం లేదని డాక్టరు చెప్పినప్పుడు ఇంట్లోవాళ్లకు ముందుగా వచ్చే సందేహం ఇదే. దాని వెనకే ఇంకోటి వస్తుంది. ఛాతీలో నొప్పే లేదు కదా, మరి గుండె జబ్బు అంటారేమిటి?

మొదటి సందేహానికి దాదాపు 780 ఏళ్ల కిందటే ఒక ముస్లిం వైద్యుడు జవాబు రాసి పెట్టాడు. ఆయన పేరు అలాఉద్దీన్ అబుల్ హసన్ అలీ ఇబ్నె అబిల్ హజ్మ్ అల్ ఖర్షీ. లోకం ఆయన్ను ఇబ్నె నఫీస్ అని పిలుస్తుంది. ఇబ్నె సీనా, అర్రాజీ పేర్లు మన పిల్లలకు బళ్లోనో మదర్సాలోనో చెవిన పడతాయి. ఇబ్నె నఫీస్ పేరు మాత్రం అంతగా వినబడదు. ఆ జవాబు తెలిస్తే రెండో సందేహం కూడా సగం తీరుతుంది కాబట్టి ఆయన కథ మన ఇళ్లలో తెలియాల్సిందే.

డమాస్కస్‌లో చదువు

ఇబ్నె నఫీస్ 1210-1213 మధ్య కాలంలో డమాస్కస్ ప్రాంతంలో పుట్టారు. అప్పట్లో ఆ ఊళ్లో వైద్యం చదవాలంటే నూరీ బీమారిస్తాన్‌కు వెళ్లాల్సిందే. సుల్తాన్ నూరుద్దీన్ జంగీ 12వ శతాబ్దంలో కట్టించిన ఆస్పత్రి అది. బీమార్ అంటే రోగి, బీమారిస్తాన్ అంటే రోగులు ఉండే చోటు. ఉర్దూ తెలిసినవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. ఒక పక్క రోగులకు మందూ, అన్నమూ, పడకా ఇస్తూనే, ఇంకో పక్క కుర్రాళ్లకు వైద్యం నేర్పేవారు. పుస్తకం చదవడం, వెంటనే రోగి పక్కన నిలబడి చూడడం, రెండూ ఒకే కప్పు కింద జరిగేవి.

ఆయనకు గురువు ముహజ్జబుద్దీన్ అద్దఖ్వార్ అని చెబుతారు. ఆ రోజుల్లో డమాస్కస్ వైద్యుల్లో పెద్ద పేరు ఆయనది. వైద్యంతో పాటు ఇబ్నె నఫీస్ అరబీ వ్యాకరణం, తర్కం, హదీస్ శాస్త్రం, షాఫయీ ఫిఖ్ కూడా చదివారు. అప్పటి ఆలిములకు ఇది వింతేమీ కాదు. దీన్ చదువు ఒకటీ, దునియా చదువు ఒకటీ అని గోడ కట్టుకోని కాలం అది.

కైరోలో కొలువు

1236 ప్రాంతంలో ఆయన కైరో చేరుకున్నారు. సలాహుద్దీన్ అయ్యూబీ పెట్టించిన నాసిరీ ఆస్పత్రిలో పని చేశారు. పోనుపోను ఈజిప్టు వైద్యులందరికీ పెద్ద అయ్యారు. మమ్లూక్ సుల్తాన్ బైబర్స్‌కు స్వంత వైద్యుడిగా కూడా ఉన్నారు. కైరోలోని మస్రూరియా మదర్సాలో ఫిఖ్ పాఠాలూ చెప్పేవారు.

అది నెమ్మదైన కాలం కాదు. 1258లో మంగోలులు బగ్దాద్‌ను నేలమట్టం చేశారు. ఎన్నో గ్రంథాలయాలు బూడిదయ్యాయి. 1260లో ఐనె జాలూత్ దగ్గర మమ్లూక్ సైన్యం మంగోలులను ఆపకపోయి ఉంటే కైరో గతి కూడా అంతే అయ్యేదేమో. ఒక పక్క పుస్తకాలు తగలబడుతుంటే ఇంకో పక్క కూర్చుని పుస్తకాలు రాసిన మనిషి ఇబ్నె నఫీస్.

ఆయన రాసే తీరు గురించి పాత చరిత్రకారులు ముచ్చటగా చెప్పారు. రాయడానికి కూర్చునే ముందు కలాలన్నీ చెక్కి పక్కన పెట్టించుకునేవారట. ముఖం గోడ వైపు తిప్పుకుని, ఏ పుస్తకమూ తెరవకుండా, మనసులో ఉన్నది వరద పారినట్టు రాసుకుంటూ పోయేవారట. కలం మొండిబారితే చెక్కడానికి ఆగడం లేదు. దాన్ని పడేసి ఇంకోటి అందుకోవడమే. ఒకసారి హమ్మాంలో స్నానం మధ్యలో లేచి బయటికొచ్చి, కాగితం, సిరా, కలం తెప్పించుకుని నాడి మీద ఒక చిన్న గ్రంథం రాసి ముగించి, మళ్లీ లోపలికెళ్లి స్నానం పూర్తి చేశారని చెబుతారు.

వైద్యం మీద అష్షామిల్ అనే మహా గ్రంథం 300 సంపుటాలుగా అనుకుని మొదలుపెట్టారు. 80 దాకా పూర్తయ్యాయంటారు. వాటిలో కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వైద్య గ్రంథాలయంలో కూడా కొన్ని సంపుటాలున్నాయి. ఇబ్నె సీనా రాసిన అల్ ఖానూన్‌కు ఆయన చేసిన సంగ్రహం, మూజిజ్, మన దేశందాకా వచ్చింది. తరతరాలుగా హకీములు దాన్నీ, దాని మీద వచ్చిన వ్యాఖ్యానాలనూ చదివి యూనానీ నేర్చుకున్నారు. చార్మినార్ పక్కన నిజామియా యూనానీ దవాఖానా ముందు నుంచి వెళ్లే మనలో చాలామందికి ఆ వైద్య పరంపరలో ఈయన కూడా ఒకరని తెలియదు.

గోడలో రంధ్రాలు లేవు

ఆయన్ను చరిత్రలో నిలబెట్టిన పుస్తకం మాత్రం వేరే. 1242లో, 30 ఏళ్లకు అటూ ఇటూ వయసులో, అల్ ఖానూన్‌లోని శరీర నిర్మాణ భాగం మీద ఆయన ఒక వ్యాఖ్యానం రాశారు.

అప్పటికి వెయ్యేళ్లుగా వైద్యులు గ్రీకు వైద్యుడు జాలీనూస్ మాటే నమ్ముతున్నారు. జాలీనూస్ అంటే గాలెన్. ఆయన లెక్క ప్రకారం గుండె కుడి గదిలోని రక్తం, రెండు గదుల మధ్య గోడలో ఉన్న కంటికి కనిపించని రంధ్రాల గుండా ఎడమ గదిలోకి ఇంకుతుంది. షేఖుర్రయీస్ అనిపించుకున్న ఇబ్నె సీనా కూడా ఆ దారినే నడిచారు.

ఇబ్నె నఫీస్ దీన్ని ఒప్పుకోలేదు. ఆ గోడ గట్టిగా, మందంగా ఉందని, అందులో కనిపించే రంధ్రాలూ లేవు, కనిపించనివీ లేవని రాశారు. మరి రక్తం అటు ఎలా వెళ్తుంది? కుడి గది నుంచి నాళం గుండా ఊపిరితిత్తుల్లోకి వెళ్లి, అక్కడ గాలితో కలిసి, ఇంకో నాళం గుండా ఎడమ గదికి వస్తుందని తేల్చారు. ఇవాళ పదో తరగతి పిల్లలు బొమ్మ గీసి చూపించే దారి ఇదే. గుండెకు మూడు గదులున్నాయన్న ఇబ్నె సీనా మాటను కూడా ఆయన సరిదిద్దారు. ఉన్నవి రెండేనన్నారు. పై చిన్న గదులను ఆ రోజుల్లో లెక్కలోకి తీసుకునేవారు కాదు.

అదే పుస్తకంలో ఇంకో మాట ఉంది. మన మొదటి సందేహానికి జవాబు అదే. గుండె తన గదిలో ఉన్న రక్తాన్నే తిని బతుకుతుందని పాతవాళ్లు అనుకునేవారు. ఇబ్నె నఫీస్ అది తప్పన్నారు. గుండె కండరంలోకి అల్లుకుపోయిన నాళాలున్నాయనీ, వాటి గుండా వచ్చే రక్తమే గుండెకు ఆహారమనీ రాశారు. అంటే గుండె చేతుల మీదుగా ఊరంతటికీ రక్తం వెళ్తున్నా, తన వాటా మాత్రం అందరిలాగే గొట్టం గుండానే రావాలి. ఊరికి నీళ్లు పంపే ట్యాంకు దగ్గర పనిచేసే మనిషి ఇంటికి కూడా నీళ్లు పైపులోంచే వచ్చినట్టు. ఆ పైపు పూడుకుపోతే ట్యాంకు నిండుగా ఉన్నా ఆ ఇంట్లో కుళాయి ఎండిపోతుంది.

పెద్దలంటే ఆయనకు గౌరవం లేదని కాదు. ఇబ్నె సీనా పుస్తకాలను జనంలోకి తెచ్చినవాళ్లలో ఆయనే ముందుంటారు. కానీ గౌరవం వేరు, రుజువు వేరు అని ఆయనకు తెలుసు.

వీలునామా

1284లో సుల్తాన్ ఖలావూన్ కైరోలో మన్సూరీ ఆస్పత్రి కట్టించాడు. అప్పటికి ఇబ్నె నఫీస్ ముసలివారయ్యారు. ఆయన పెళ్లి చేసుకోలేదంటారు. కైరోలో మంచి ఇల్లు, పెద్ద గ్రంథాలయం ఉండేవి. ఆ రెండూ మన్సూరీ ఆస్పత్రికి చెందేలా రాసిచ్చారు.

చివరి జబ్బులో తోటి వైద్యులు మందుగా కొద్దిగా సారాయి తీసుకోమన్నారు. కడుపులో సారాయితో అల్లాహ్ ముందుకు వెళ్లనని ఆయన తిరస్కరించారు. 1288 డిసెంబరులో, హిజ్రీ 687 జుల్ ఖాదా నెలలో, కైరోలో కన్నుమూశారు. చంద్రమాన లెక్కన 80కి దగ్గర వయసు.

600 ఏళ్ల మౌనం

ఆయన సంగ్రహ గ్రంథం దేశదేశాలు తిరిగింది గానీ, గుండె గురించిన ఆ వ్యాఖ్యానం మాత్రం అలమారాల్లో ఉండిపోయింది. యూరప్‌లో సెర్వేటస్ 1553లో, కొలంబో 1559లో ఊపిరితిత్తుల దారి గురించి రాశారు. 1628లో విలియం హార్వే రక్త ప్రసరణ మొత్తాన్ని వివరించాడు. పేరంతా వాళ్లకే వచ్చింది. ఇబ్నె నఫీస్ రాతల్లో కొంత భాగం 1547లో వెనిస్‌లో లాటిన్‌లో అచ్చయింది కాబట్టి, వాళ్లకు ఇది అందిందా లేదా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు.

1924లో ఈజిప్టు నుంచి జర్మనీ వెళ్లి చదువుతున్న ముహియుద్దీన్ అత్తతావీ అనే యువ డాక్టరుకు బెర్లిన్ గ్రంథాలయంలో ఈ రాతప్రతి కనబడింది. దాని మీదే ఆయన ఫ్రైబర్గ్ యూనివర్సిటీకి సిద్ధాంత వ్యాసం రాశారు. తర్వాత మాక్స్ మేయర్‌హాఫ్ అనే పండితుడు దాన్ని లోకానికి చాటారు. నిజం 600 ఏళ్లకు పైగా సడి చేయకుండా పడి ఉంది. సడి లేనంత మాత్రాన అది లేకుండా పోలేదు.

ఆ నాళాలే ఇప్పుడు మన ఇళ్లలో

ఇబ్నె నఫీస్ చెప్పిన ఆ నాళాలను ఇప్పుడు కరోనరీ ధమనులు అంటున్నాం. బృహద్ధమని మొదట్లోంచి రెండు బయల్దేరి, కొమ్మలుగా చీలి గుండె మీద అల్లుకుంటాయి. వాటిలో కొవ్వు పేరుకుని దారి సన్నబడితే గుండె కండరానికి రక్తం చాలదు. దాన్ని ఇస్కీమియా అంటారు. మామూలుగా అప్పుడు ఛాతీలో బరువు, నొప్పి, ఎడమ చేతికి లాగడం లాంటివి వస్తాయి. కానీ అందరికీ రావు. పరీక్షలో రక్తం అందడం లేదని కనబడుతుంది, మనిషికి మాత్రం ఏమీ తెలియదు. ఇదే సైలెంట్ ఇస్కీమియా.

ఇది మూడు రకాల మనుషుల్లో ఉంటుంది. ఏనాడూ గుండె జబ్బు లక్షణం ఎరగనివాళ్లు ఒక రకం. ఒకసారి గుండెపోటు వచ్చి తగ్గాక నొప్పి లేకుండా తిరుగుతున్నవాళ్లు రెండో రకం. అప్పుడప్పుడూ నొప్పి వచ్చే పాత రోగులు మూడో రకం. ఈ మూడో రకం వాళ్లకు రోజంతా ఒంటికి హోల్టర్ యంత్రం కట్టి చూస్తే, రక్తం తగ్గిన సందర్భాల్లో ఎక్కువ భాగం నొప్పి లేకుండానే గడిచిపోతున్నట్టు తేలింది. అంటే నొప్పి వచ్చిన సార్లు లెక్కపెట్టుకుని జబ్బు ఎంత ఉందో అంచనా వేయడం కుదరదు.

షుగర్ ఉన్నవాళ్ల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఏళ్ల తరబడి షుగర్ ఉంటే నరాలు మొద్దుబారతాయి. కాలికి ముల్లు గుచ్చుకున్నా తెలియని వాళ్లను మన ఇళ్లలో చూస్తూనే ఉన్నాం. గుండె నొప్పిని మోసే నరాలకూ అదే గతి పట్టవచ్చు. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే ఊరి జనాన్ని దశాబ్దాలపాటు గమనించిన డాక్టర్లు, గుండెపోట్లలో నాలుగో వంతుకు పైగా అప్పటికప్పుడు ఎవరూ గుర్తించనివేనని చూశారు. తర్వాత ఎప్పుడో ఈసీజీ తీసినప్పుడు ఆ మచ్చ బయటపడింది. వాటిలో దాదాపు సగం పూర్తిగా సడి లేకుండా వచ్చినవే.

మరి ముందు ముందు ఏమవుతుంది?

ఇల్లంతా తెలుసుకోవాలనుకునేది ఇదే. జవాబు ఒక్క మాటలో రాదు.

నొప్పి లేదు కాబట్టి ప్రమాదం లేదనుకోవడం తప్పు. రక్తం అందని గుండెకు నొప్పి ఉన్నా లేకపోయినా నష్టం జరుగుతూనే ఉంటుంది. సైలెంట్ ఇస్కీమియా ఉన్నవాళ్లకు, అది లేనివాళ్లతో పోలిస్తే, గుండెపోటు, హఠాత్తు మరణం ముప్పు ఎక్కువ. గుర్తించకుండా పోయిన గుండెపోటు కూడా గుర్తించినదానితో సమానంగానే ఆయుష్షును దెబ్బతీస్తుందని ఫ్రామింగ్‌హామ్ లెక్కలు చెప్పాయి.

అలాగని పరీక్షలో తేలగానే అంతా అయిపోయిందనుకోవడం కూడా తప్పే. ముప్పు అందరికీ ఒకేలా ఉండదు. గుండెలో ఎంత భాగానికి రక్తం అందడం లేదు, గుండె పంపింగ్ ఎలా ఉంది, షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ ఎంతవరకు అదుపులో ఉన్నాయి, పొగ మానారా లేదా అన్నవాటిని బట్టి ఉంటుంది. షుగర్ రోగుల మీద జరిగిన డయాడ్ అనే అధ్యయనంలో, లక్షణాలు లేనివాళ్లకు స్కాన్ తీస్తే సుమారు ప్రతి ఐదుగురిలో ఒకరికి సైలెంట్ ఇస్కీమియా కనబడింది. అయినా ఆ తర్వాతి ఏళ్లలో గుండెపోట్లు అనుకున్నదానికంటే చాలా తక్కువ వచ్చాయి. స్కాన్ తీయని వాళ్లకూ తీసిన వాళ్లకూ పెద్ద తేడా లేదు. రెండు గుంపుల్లోనూ మంచి మందులు వాడినవాళ్లు ఎక్కువ. అందుకే లక్షణాలు లేని ప్రతి షుగర్ రోగికీ స్కాన్ తప్పనిసరని ఇప్పుడు డాక్టర్లు అనరు. ఎవరికి అవసరమో చూసి రాస్తారు.

స్టెంట్ వేయించాలా అన్నది ఇంకో ప్రశ్న. గుండెపోటు వచ్చిపోయాక సైలెంట్ ఇస్కీమియా ఉన్న 201 మందిని స్విట్జర్లాండ్‌లో పదేళ్లకు పైగా గమనించారు. నాళాలు తెరిపించుకున్నవాళ్లు మందులతోనే ఉన్నవాళ్లకంటే మెరుగ్గా ఉన్నారు. కానీ అవి పాత మందుల రోజులు. 2020లో ఫలితాలు వచ్చిన ఇస్కీమియా అనే పెద్ద అధ్యయనంలో 5,179 మంది ఉన్నారు. అందులో మంచి మందులతో పాటు ముందే స్టెంటో బైపాసో చేయించుకున్నవాళ్లకూ, మందులతోనే మొదలుపెట్టినవాళ్లకూ చావులో గానీ, గుండెపోటులో గానీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. నొప్పి ఉన్నవాళ్లకు మాత్రం చికిత్స తర్వాత హాయి ఎక్కువైంది. ఎడమ ప్రధాన ధమని బాగా పూడినవాళ్లను, గుండె బాగా బలహీనపడినవాళ్లను ఆ అధ్యయనంలో చేర్చలేదు. వాళ్ల విషయం వేరు. కాబట్టి స్టెంట్ గురించి చుట్టాల అనుభవం బట్టి కాదు, మీ రిపోర్టులు చూసిన గుండె డాక్టరుతో కూర్చుని తేల్చుకోవాలి.

ఇంట్లో చేయాల్సినవి

నొప్పి లేని రోగికి ఉన్న పెద్ద చిక్కు మందు మానేయడం. బాగానే ఉన్నాను కదా అని అబ్బా కొలెస్ట్రాల్ మాత్ర ఆపేస్తారు. ఇంటి పని తెమలక అమ్మీ బీపీ మాత్ర మర్చిపోతుంది. ఈ జబ్బులో ఆ మాత్రల వల్ల వచ్చే లాభం ఒంటికి తెలియదు, మానేస్తే జరిగే నష్టమూ తెలియదు. అందుకే ఇంట్లో ఒకరు ఆ బాధ్యత తీసుకోవాలి.

నొప్పి రాకపోయినా గుండె కొన్నిసార్లు వేరే దారిలో చెబుతుంది. నాలుగు మెట్లెక్కితే ఎన్నడూ లేని ఆయాసం, కారణం లేకుండా చల్లటి చెమట, దవడలోనో వీపులోనో బరువు, గ్యాస్ అనిపించే కడుపు మంట, ఉన్నట్టుండి నీరసం. షుగర్ ఉన్నవాళ్లలో, ఆడవాళ్లలో, పెద్ద వయసువాళ్లలో ఇవి వస్తే సోడా తాగించి పడుకోబెట్టకండి. వెంటనే ఈసీజీ తీయించండి.

రంజాన్ నెల రాకముందే గుండె రోగులు డాక్టరును కలవాలి. ఏ మాత్ర సెహ్రీకి, ఏది ఇఫ్తార్‌కు అన్నది మనంతట మనమే మార్చుకోకూడదు. రోజా ఉండొద్దని డాక్టరు చెబితే, రోగికి దీన్‌లోనే సడలింపు ఉందని పెద్దలకు నెమ్మదిగా గుర్తుచేయాలి. నమాజ్‌కు నడిచి వెళ్లడం మంచిదే. ఎంత దూరం, ఎంత వేగం అన్నది మాత్రం అడిగి తెలుసుకోవాలి.

ఇబ్నె నఫీస్ కాలంలో ఈసీజీ లేదు, యాంజియోగ్రామ్ లేదు. ఉన్నది పుస్తకం, రోగి, ఆలోచన. పెద్దలు చెప్పారన్న ఒక్క కారణంతో గోడలో లేని రంధ్రాలను ఆయన ఉన్నాయనలేదు. మన ఒళ్లు ఏమీ చెప్పడం లేదన్న ఒక్క కారణంతో, రిపోర్టులో ఉన్న జబ్బును మనం లేదనుకోకూడదు. ఈ వారం ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్లను రెండు విషయాలు అడగండి. మాత్రలు సరిగా వేసుకుంటున్నారా? ఈమధ్య మెట్లెక్కితే ఆయాసం వస్తోందా?